పన్నెండు పదాల చీటీ

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా క్రిప్టో మీదేనండీ. ఏ కాయిన్ కొనాలి అని అడిగినవన్నీ పక్కన పెట్టేశా, అది నాకే తెలిస్తే ఈ కాలమ్ రాస్తూ ఎందుకు కూర్చుంటా. 22 ఏళ్లు బ్యాంకు కౌంటర్లో కూర్చున్నదాన్ని కదా, డబ్బు ఎవరి పేరు మీద ఉంది, తాళం చెవి ఎవరి దగ్గర ఉంది, మళ్లీ బయటికి ఎలా వస్తుంది, ఇవి అడగడమే నాకు అలవాటు. అలాంటి ఉత్తరాలే తీసుకున్నా.

తెనాలి నుంచి ఒక పాఠకుడు: మేడమ్, మేం ఇంటర్ బ్యాచ్ ఫ్రెండ్స్ 11 మందిమి. నెలకి తలా 2,000 వేస్తాం. మాలో ఒకడు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్, వాడికి క్రిప్టో బాగా తెలుసు. ఏది కొనాలో వాట్సాప్ గ్రూపులో ఓటు పెట్టుకుంటాం, వాడు తన అకౌంట్లో కొని స్క్రీన్‌షాట్ పెడతాడు. 14 నెలలైంది. చీటీ లాంటిదే కదా అనుకున్నాం, మా ఆవిడ మాత్రం ఒకటే గొడవ. ఇందులో తప్పేమైనా ఉందా?

తమ్ముడూ, చీటీ లాంటిది కాదు. చీటీలో ప్రతి నెలా పాట ఉంటుంది, ఎవరో ఒకరు ఎత్తుకుంటారు, డబ్బు కళ్లముందే చేతులు మారుతూ ఉంటుంది, రిజిస్టర్డ్ చీటీ ఐతే 1982 చట్టం కింద రిజిస్ట్రార్ దగ్గర ఒప్పందం కాగితం కూడా ఉంటుంది. మీ దగ్గర 14 నెలల్లో 3,08,000 లోపలికి వెళ్లింది, ఒక్క రూపాయన్నా బయటికి వచ్చిందా? మీరు రాయలేదు కాబట్టి రాలేదనే అనుకుంటున్నా. మీ ఫ్రెండ్ మోసగాడని నేను అనట్లేదు, బంగారం లాంటోడే అనుకుందాం, ఇక్కడ తంటా ఏంటంటే వాడు మంచోడైనా ఇబ్బంది వస్తుంది.

ముందు ట్యాక్స్ సంగతి చూడండి. 2022 ఏప్రిల్ నుంచి క్రిప్టో లాభం మీద నేరుగా 30 శాతం, దాని మీద 4 శాతం సెస్సు, మొత్తం 31.2. ఒక కాయిన్‌లో వచ్చిన నష్టాన్ని ఇంకో కాయిన్ లాభంలోంచి తీసేయనివ్వరు. అంటే మీ గ్రూపు రెండు కాయిన్లు అమ్మింది అనుకోండి, ఒకదాంట్లో 60,000 లాభం, రెండోదాంట్లో 50,000 నష్టం. మీ వాట్సాప్ లెక్కలో 10,000 మిగిలింది, అందరూ పార్టీ అంటారు. ఇన్‌కమ్ ట్యాక్స్ లెక్కలో మాత్రం లాభం 60,000, కట్టాల్సింది 18,720. అంటే నిజానికి 8,720 చేతినుంచి పోయింది. ఇప్పుడు అది ఎవరు కట్టాలి? అకౌంట్ వాడిది, పాన్ వాడిది, అమ్మినప్పుడల్లా కట్ అయ్యే 1 శాతం టీడీఎస్ కూడా వాడి పేరు మీదే పడుతుంది, నోటీసు వస్తే వాడింటికే వస్తుంది. మార్చి దాటాక వాడు మీ పదిమందినీ తలా 1,700 అడిగితే ఇద్దరు ఇస్తారు, ముగ్గురు వచ్చే నెల అంటారు, మిగతావాళ్లు గ్రూపులో బ్లూ టిక్ పడేసి ఊరుకుంటారు. ఇంటర్ స్నేహం అక్కడే చెడుతుంది.

రెండోది, చెప్పకూడదుగానీ చెప్తా. రేపు వాడికి ఔటర్ రింగ్ రోడ్డు మీద ఏదన్నా జరిగితే వాళ్లావిడ దగ్గరికి వెళ్లి ఇందులో మావి మూడు లక్షలున్నాయమ్మా అని ఏ కాగితం చూపించి అడుగుతారు? స్క్రీన్‌షాటా?

దీనికి మల్టీసిగ్ ఉందిగా అంటారు కాస్త తెలిసినవాళ్లు. బ్యాంకులో సొసైటీ ఖాతాకి ప్రెసిడెంటు, సెక్రటరీ ఇద్దరూ సంతకం పెట్టాలి చూడండి, అలాగ ఐదుగురిలో ముగ్గురు తమ తమ ఫోన్లలో ఓకే చేస్తేనే కాయిన్లు కదిలే వాలెట్ (కాయిన్ల తాళాలు ఉండే యాప్) అది. ఏర్పాటు మంచిదే, ఒక్కడే అంతా ఎత్తుకుపోకుండా ఆపుతుంది. కానీ సంతకం పెట్టేవాడికి తను దేనిమీద పెడుతున్నాడో తెలియాలి కదా. 2024 జులైలో కాయిన్లు కొని అమ్మే మన దేశపు ఎక్స్ఛేంజీ వజీర్‌ఎక్స్‌లో సుమారు 23 కోట్ల డాలర్లు పోయింది మల్టీసిగ్ వాలెట్ లోంచే, మన వాళ్లు ఎంతమంది డబ్బు ఇరుక్కుపోయి నెలల తరబడి తిరిగారో మీకూ తెలుసు. 2025 ఫిబ్రవరిలో ఇంకో ఎక్స్ఛేంజీ బైబిట్‌లో ఐతే 150 కోట్ల డాలర్లు, అక్కడ స్క్రీన్ మీద రోజూ కనిపించే మామూలు లావాదేవీయే కనిపించింది, వాళ్లు సంతకాలు పెట్టేశారు, వెనకాల జరిగింది వేరు. అదే పనిగా కూర్చున్న కంపెనీలకే అలా ఐతే, పెళ్లి భోజనాల మధ్యలో ఫోన్ తీసి ఓకే కొట్టే మన బ్యాచ్ సంగతి చెప్పక్కర్లేదు.

ఇంకోటి, చిన్న మొత్తాలు కలిపి పెద్ద పని చేద్దాం అనుకున్నవాళ్లని ఫీజులు తినేస్తాయి. 2021 నవంబర్‌లో అమెరికాలో 17 వేల మందికి పైగా కలిసి వారం రోజుల్లో 4.7 కోట్ల డాలర్ల దాకా క్రిప్టో కాయిన్ ఐన ఈథర్‌లో పోగేశారు, ఎందుకో తెలుసా, వాళ్ల రాజ్యాంగం మొదటి అచ్చు ప్రతి ఒకటి వేలానికి వస్తే కొందామని. పాటలో ఓడిపోయారు. సరే ఎవరి డబ్బు వాళ్లు వెనక్కి తీసుకోండి అంటే ఆ ఈథర్ నడిచే ఈథీరియం నెట్‌వర్క్ గ్యాస్ ఫీజులు (వంట గ్యాస్ కాదు, నెట్‌వర్క్ తీసుకునే కూలి) అప్పట్లో ఎంత ఉన్నాయంటే తక్కువ వేసినవాళ్లకి వచ్చేదంతా దారి ఖర్చులకే సరిపోయేలా ఉంది. అక్కడ ఎవరూ మోసం చెయ్యలేదు, గుర్తుపెట్టుకోండి.

నేనైతే ఏం చేస్తానంటే ఓటు ఉంచుతా, అకౌంట్ తీసేస్తా. మీ గ్రూపులో నాకు నచ్చింది ఆ ఓటే, 11 మంది ఎందుకు కొనాలి ఎందుకు వద్దు అని వాదించుకుంటే ఒక్కడి ఆవేశం కాస్త తగ్గుతుంది. వాదన అయ్యాక ఎవరి 2,000 వాళ్లు, ఎవరి పాన్ మీద వాళ్లు, ఎఫ్ఐయూ (అనుమానాస్పద లావాదేవీలు చూసే కేంద్ర ప్రభుత్వ విభాగం) దగ్గర రిజిస్టర్ ఐన ఎక్స్ఛేంజీలో కొనుక్కోండి, 2023 మార్చి నుంచి మనదేశంలో ఎక్స్ఛేంజీలన్నీ మనీ లాండరింగ్ చట్టం కిందకి వచ్చాయి. కొన్న మొదటి నెలలోనే ఒక 500 విలువది అమ్మి మీ బ్యాంకు ఖాతాలోకి రప్పించుకొని చూడండి. ఇప్పటికే వాడి దగ్గరున్నదాన్ని పంచుకోడానికి ముందు మాత్రం ఒక ఆడిటర్‌ని కలవండి, ఎందుకంటే ఊరికే ఒకరి వాలెట్ నుంచి ఇంకొకరికి పంపితే అది గిఫ్టా, అమ్మకమా, మీ వంతా అనేది కాగితం మీద ఉండాలి. 11 మందీ వేసిన యూపీఐ రికార్డులు డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి. మీ ఆవిడకి నా నమస్కారాలు.

నిజామాబాద్ నుంచి డిగ్రీ స్టూడెంట్: అక్కా, టెలిగ్రామ్ గ్రూపులో అడ్మిన్ అన్న ఒక కొత్త కాయిన్ కొనమని కాల్ ఇచ్చిండు. 6,000 పెట్టిన, యాప్‌లో ఇప్పుడు 46,000 చూపిస్తుంది. అమ్ముదామంటే ఫెయిల్ అయితుంది. అడ్మిన్‌ని అడిగితే ముందు 15 శాతం ట్యాక్స్ కట్టాలె, కట్టినాక విత్‌డ్రా ఐతది అంటుండు. కట్టనా?

కట్టొద్దు. ఇంకొక్క రూపాయి కూడా పెట్టొద్దు తమ్మీ. లాభం మీద ట్యాక్స్ మనం ప్రభుత్వానికి రిటర్న్‌లో కడతాం, టెలిగ్రామ్ అడ్మిన్‌కి కాదు, ఆ శాతం కూడా 15 కాదు. నువ్వు 6,900 పంపిస్తే తర్వాత గ్యాస్ ఫీజు అంటడు, ఆ తర్వాత అకౌంట్ ఫ్రీజ్ అయింది దాన్ని విప్పాలె అంటడు, నీ దగ్గర ఐపోయిందాకా అడుగుతనే ఉంటడు.

ఆ 46,000 ఎక్కడిది అంటే, కాయిన్ తయారు చేసినోడు దాని ప్రోగ్రామ్‌లోనే కొనడం అందరికీ, అమ్మడం తనకొక్కడికే అని రాసి పెట్టుకోవచ్చు. కొనేవాళ్లే తప్ప అమ్మేవాళ్లు లేకపోతే ధర పైకి కాక ఎటు పోతది. 2021లో ఒక కొరియన్ సిరీస్ పేరు పెట్టుకొని ఇలాంటి కాయినే వచ్చింది, పైసల్లో మొదలై నవంబర్ 1న 2,800 డాలర్ల పైకి పోయి అదే రోజు నిమిషాల్లో సున్నాకి వచ్చింది. ఎక్కుతున్నన్ని రోజులూ కొన్నవాళ్లు అమ్ముకోలేకపోతున్నాం మొర్రో అని అరిచారు, అయినా వేరేవాళ్లు కొంటూనే ఉన్నారు, ఎందుకంటే గ్రాఫ్ అంత అందంగా ఉంది మరి.

ఇప్పుడు నువ్వు చెయ్యాల్సింది: ఆ గ్రూపులోంచి బయటికి రాకముందే అడ్మిన్ మెసేజీలు, నువ్వు పంపిన యూపీఐ వివరాలు, వాలెట్ అడ్రస్, అన్నీ స్క్రీన్‌షాట్ తియ్. 1930కి ఫోన్ చెయ్, సైబర్ క్రైమ్ పోర్టల్‌లో కంప్లైంట్ పెట్టు. ఎంత తొందరగా చేస్తే బ్యాంకులో ఆ డబ్బుని ఆపే అవకాశం అంత. ఆ వాలెట్‌లో వేరే కాయిన్లు ఏమన్నా ఉంటే కొత్త వాలెట్ చేసి వాటిని అటు మార్చేసెయ్, ఎందుకంటే ఆ కాయిన్ సైట్‌కి వాలెట్ కలిపినప్పుడు అప్రూవ్ అని ఏదో నొక్కే ఉంటావు, అది ఒక్కసారికి ఇచ్చిన పర్మిషన్ కాదు, సంతకం పెట్టి అంకె రాయకుండా ఇచ్చిన చెక్కు. ఆరు వేలు ఎవరివి, హాస్టల్ ఫీజువా? ఐతే ఇంట్లో ఈరోజే చెప్పు, తిడతారు, తిట్టించుకో.

పేరు, ఊరు రాయని పాఠకుడు: ఒక గ్రూపులో ఎవరో తెలియక తన వాలెట్ పన్నెండు పదాలు పోస్ట్ చేసేశాడు. పెట్టి చూస్తే 2,000 యూఎస్‌డీటీ (ఒక్కోటి సుమారు ఒక డాలర్) ఉంది! పంపించుకోడానికి కాస్త టీఆర్‌ఎక్స్ కావాలంటోంది. వేసి తీసుకోవచ్చా?

ఊరు ఎందుకు రాయలేదో అర్థమైంది లెండి. ఆ పన్నెండు పదాలంటే వాలెట్ తాళం చెవి, అవి ఎవరి దగ్గరుంటే వాలెట్ వాళ్లది. అది తెలియక పెట్టింది కాదు, ఎర. ట్రాన్ నెట్‌వర్క్‌లో యూఎస్‌డీటీ కదలాలంటే మామూలుగా ఫీజుకి ఆ నెట్‌వర్క్ సొంత కాయిన్ టీఆర్‌ఎక్స్ ఉండాలి, మీరు వేసిన మరుక్షణం వాడి బాట్ (తనంతట తానే పనిచేసే ప్రోగ్రామ్) దాన్ని ఊడ్చుకుపోతుంది, లేదంటే ఆ వాలెట్‌కి సంతకం అధికారం ఎప్పుడో వేరే తాళానికి మార్చేసి ఉంటాడు, పదాలు మీ దగ్గరున్నా కాయిన్ కదలదు. మీలాంటివాళ్లు వందమంది తలా వెయ్యి రూపాయల టీఆర్‌ఎక్స్ వేస్తే వాడికి గిట్టుబాటే.

హనుమకొండ నుంచి రిటైర్డ్ టీచర్: అమ్మా, నా ఫోన్లో 5 ఏళ్ల నుంచి పై (Pi) అనే కాయిన్ మైనింగ్ చేస్తున్నాను. మా గ్రూపులో ఒక్క పై విలువ 3,14,159 డాలర్లు అని కమ్యూనిటీ నిర్ణయించింది అంటున్నారు. మార్కెట్లో చూస్తే డాలర్ కూడా లేదు. ఏది నమ్మాలి?

మాస్టారూ, నమస్కారం. మీరు లెక్కల మాస్టారు కాకపోయినా ఆ అంకె ఎక్కడిదో పట్టేసే ఉంటారు, వృత్తం లెక్కల్లో వచ్చే పై విలువ 3.14159 నుంచి చుక్క తీసేశారు అంతే. పదిమంది కూడబలుక్కుని మా వీధిలో గజం కోటి అనుకోవచ్చు, ఆ ధరకి కొనేవాడు వచ్చి అడ్వాన్స్ ఇచ్చిన రోజే అది ధర. పై కాయిన్ 2025 ఫిబ్రవరి 20న బయటి నెట్‌వర్క్‌లోకి వచ్చింది, ఎక్స్ఛేంజీల్లో కొంటున్నారు అమ్ముతున్నారు, అక్కడ ఈ నిమిషాన ఎంతకి కొంటున్నారో అంతే దాని విలువ. మీరు డబ్బు పెట్టలేదు కాబట్టి పోయిందేమీ లేదు, రోజుకోసారి ఆ మెరుపు గుర్తు నొక్కడం తప్ప. ఒక్కటే జాగ్రత్త, పై కాయిన్ వాలెట్‌కి 24 పదాల పాస్‌ఫ్రేజ్ ఉంటుంది, మీ కాయిన్లు నేను 3 లక్షల డాలర్ల చొప్పున అమ్మిపెడతా, ఆ పదాలు ఇక్కడ కొట్టండి అని లింకులు వస్తాయి. పాత స్టూడెంట్ పంపినా సరే కొట్టకండి.

రాజోలు నుంచి ఒక గృహిణి: అక్కా, మా ఆయన షార్జాలో ఉంటారు. అక్కడ కొద్దికొద్దిగా బిట్‌కాయిన్ కొని వాలెట్‌లో పెట్టారంట. పోయినసారి వచ్చినప్పుడు పన్నెండు ఇంగ్లిష్ పదాలు చదివి నన్ను రాసుకోమన్నారు, ఇది పోతే మొత్తం పోయినట్టే అన్నారు. నేను క్యాలెండర్ కాగితం వెనకాల తెలుగులో రాసుకున్నాను. పోతుందేమోనని ఫోటో తీసి మా ఆయనకి వాట్సాప్ కూడా చేశాను. ఎక్కడ పెట్టాలో తెలియట్లేదు, బీరువాలో పెడితే సరిపోతుందా?

చెల్లెమ్మా, ఈ వారం నాకు బాగా నచ్చిన ఉత్తరం నీదే, ఎందుకంటే అందరూ ఎంత పెరుగుతుంది అంటారు, నువ్వొక్కదానివే ఎక్కడ పెట్టాలి అని అడిగావు.

మొదట నువ్వు తెలుగులో రాయడం గురించి. ఆ పదాలు ఎవరికి తోచినవి వాళ్లు పెట్టుకునేవి కాదు, చాలా వాలెట్లకి ఒకటే జాబితా, అందులో సరిగ్గా 2,048 ఇంగ్లిష్ పదాలు ఉంటాయి, వాటిలోంచి పన్నెండు వాలెట్ తనే తీసి ఇస్తుంది. ఆ జాబితాలో శాంతి అనే పీస్ ఉంది, ముక్క అనే పీస్ కూడా ఉంది. కుడివైపు అనే రైట్ ఉంది, రాయడం అనే రైట్ కూడా ఉంది. నీ కాగితం మీద పీస్ అని ఉంటే ఐదేళ్ల తర్వాత ఏ పీస్ అని ఎవరిని అడుగుతావు? అందుకని ఈసారి ఆయన ఫోన్ చేసినప్పుడు కాదు, ఆయన ఊరొచ్చినప్పుడు, ఇంగ్లిష్‌లో పెద్ద అక్షరాల్లో, 1 నుంచి 12 దాకా నంబర్లు వేసి రాయండి. వరస మారితే అది వేరే తాళం. ప్రతి పదానికీ మొదటి నాలుగు అక్షరాలు స్పష్టంగా ఉంటే చాలు, ఆ జాబితాలో ఏ రెండు పదాలకీ మొదటి నాలుగూ ఒకటిగా ఉండవు.

ఇప్పుడు ఫోటో. అది ఇప్పుడు నీ గ్యాలరీలో ఉంది, గూగుల్ ఫోటోస్‌లోకి దానంతటదే ఎక్కి ఉంటుంది, వాట్సాప్‌లో ఇద్దరి ఫోన్లలో ఉంది, వాట్సాప్ బ్యాకప్‌లో ఉంది. డిలీట్ చేసినా బ్యాకప్ ఐన ఫోటో 60 రోజులు ట్రాష్‌లో కూర్చుంటుంది. ఆ ఫోన్ రేపు స్క్రీన్ పగిలి షాపులో ఇచ్చావనుకో, పన్నెండు పదాలు చూసినవాడికి ఓటీపీ అక్కర్లేదు, నీ ఫోన్ అక్కర్లేదు, మీ ఆయన సంతకం అక్కర్లేదు, ప్రపంచంలో ఎక్కడినుంచైనా ఆ వాలెట్ వాడిదే. అందుకే డిలీట్ చేసి ఊరుకోడం కాదు, ఆ తాళమే మార్చేయాలి. మీ ఆయన కొత్త వాలెట్ చెయ్యాలి, కొత్తగా పన్నెండు పదాలు వస్తాయి, పాతదాంట్లో ఉన్నదంతా కొత్తదానికి పంపుకోవాలి.

పంపేటప్పుడు ముందు చిన్నమొత్తం పంపమను. నేను ఒకసారి తొందరపడి ఒక ఎక్స్ఛేంజీకి ఎక్స్‌ఆర్‌పీ అనే కాయిన్ పంపేటప్పుడు కింద ట్యాగ్ నంబర్ వెయ్యడం మర్చిపోయా, అడ్రస్ కరెక్టే, కానీ ఆ అడ్రస్ అందరికీ ఒకటే, ట్యాగ్ లేకపోతే అది ఎవరి ఖాతాలో వెయ్యాలో వాళ్లకి తెలీదు, 8,000 రూపాయల సరుకు కోసం 19 రోజులు మెయిళ్లు రాసుకుంటూ కూర్చున్నా. బిట్‌కాయిన్‌కి ట్యాగ్ గొడవ లేదులే, అయినా అడ్రస్ మొదలూ చివరా మాత్రమే చూసి సరే అనుకోవద్దు, మధ్యలోవి కూడా చదవమను. మొదలూ చివరా ఒకేలా ఉండే దొంగ అడ్రస్ తయారు చేసి మన పాత లావాదేవీల లిస్టులో కనపడేట్టు చేస్తారు, మనం అక్కడినుంచి కాపీ కొడతాం. 2024 మేలో ఒకాయన అలాగే దాదాపు 6.8 కోట్ల డాలర్లు వేరేవాడికి పంపేశాడు, అదృష్టం కొద్దీ బేరాలాడితే తర్వాత వెనక్కొచ్చింది, అందరికీ రాదు.

డబ్బంతా మార్చకముందే ఇంకో పని. కొత్త వాలెట్‌లో కొంచెం వేసి, యాప్ తీసేసి, మళ్లీ ఎక్కించి, నువ్వు రాసిన కాగితం చూసుకుంటూ నువ్వే పదాలు కొట్టు, ఆయన పక్కన కూర్చుని చూడాలి అంతే. తెరుచుకుని ఆ కొంచెం కనపడితే నీ కాగితం నిజంగా తాళం చెవి. యాప్ మాత్రం ప్లే స్టోర్‌లో వెతికి పైన ఏది వస్తే అది కాకుండా, ఆ వాలెట్ కంపెనీ సొంత సైట్‌లోంచి వెళ్లి దించుకోండి, పేరూ బొమ్మా అచ్చు అలాగే ఉండే దొంగ యాప్‌లు స్టోర్‌లోకి కూడా వచ్చాయి. మొత్తం పెరిగితే హార్డ్‌వేర్ వాలెట్ (తాళాలు దాచే చిన్న పరికరం) కొందాం అనుకుంటే అదీ తయారీదారు దగ్గరే, పెట్టె తెరవగానే పదాలు ముందే అచ్చేసిన కార్డు కనపడితే అది వాడకూడదు, ఆ పదాలు పెట్టెలో పెట్టినవాడి దగ్గర కూడా ఉంటాయి.

ఇక ఎక్కడ పెట్టాలి. బీరువా ఒకటే ఐతే చాలదు, మీది గోదావరి పాయల మధ్య ఊరు, వరదొస్తే కాగితం ఏమవుతుందో నాకంటే నీకే తెలుసు. రెండు కాపీలు రాయి, జెల్ పెన్ను వద్దు, నీళ్లు తగిలితే పారుతుంది, బాల్ పెన్ను మంచిది. ఒకటి జిప్ కవర్లో వేసి బీరువాలో, రెండోది వేరే ఊళ్లో, మీ పుట్టింటివాళ్లకి బ్యాంకు లాకర్ ఉంటే అందులో, సీలు వేసిన కవర్లో. స్టీలు రేకు మీద చెక్కి పెట్టుకునేవాళ్లు కూడా ఉన్నారు, అది తడవదు, తొందరగా కాలదు, చెక్కడానికి మాత్రం షాపువాడికి ఇవ్వకు, గిన్నెల మీద పేర్లు కొట్టించినట్టు కాదిది. కవర్ మీద బిట్‌కాయిన్ అని రాయొద్దు. లోపల ఇంకో చిన్న కాగితం పెట్టు, ఏ వాలెట్ యాప్, ఎప్పుడు చేశారు, ఎవరిని అడగాలి అని, ఎందుకంటే ఈ వాలెట్‌కి నామినీ అనే గడి లేదు, నీకూ ఆయనకీ ఏదైనా ఐతే పిల్లలకి ఆ కాగితమే నామినీ.

మీ మరిది గానీ, కాలేజీకెళ్లే మేనల్లుడు గానీ నేను చూస్తా ఇవ్వు పిన్నీ అంటే, నేర్పించు నాయనా అను, పదాలు మాత్రం చూపించకు.

అన్నీ అయ్యి, పాత వాలెట్‌లో సున్నా కనపడ్డాక, పాత ఫోటోలు ట్రాష్‌లోంచి కూడా తీసేయి. ఆ క్యాలెండర్ కాగితం మాత్రం ఆయన వచ్చి వెళ్లేదాకా జాగ్రత్తగా ఉంచు, ముందే కాల్చేశావంటే పాత వాలెట్ తెరవడానికి ఆయన ఫోన్ ఒక్కటే దిక్కు.